పిల్లల్ని సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్తున్నారా? ఆ ఒక్క మాట అడగొద్దు

కార్తీకం మొదలైందంటే సంక్రాంతి సెలవుల దాకా మా విజయనగరం వైపు బడులన్నీ వైజాగ్ దారి పడతాయి. పొద్దున్న కైలాసగిరి, సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్, రోడ్డుకి ఆ పక్కన నౌకాదళం వాళ్ల పాత టీయూ-142 విమానం. మొన్న పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త చూశాను. ఏదో బడి బస్సు ఒక పాపను చూడ్డానికెళ్లిన చోటే వదిలేసి చాలా దూరం వెళ్లిపోయిందట. పాప క్షేమంగా దొరికింది కాబట్టి ఆరు లైన్లతో సరిపెట్టేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బస్సు ఫిట్‌నెస్, తల్లిదండ్రుల సంతకాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, వాంతి కవర్లు. ఇవి మీకు తెలుసు, నేను రాయక్కర్లేదు. తెలిసీ అందరూ చేసే తప్పు ఒకటుంది. బస్సు మెట్టు మీద నిలబడి "అందరూ ఎక్కారా?" అని అడగడం.

పన్నెండేళ్ల కిందట నేనూ అడిగాను. ఐదు, ఆరు తరగతులు కలిపి నలభై ఆరుగురు. చీకటి పడిపోయింది, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "అందరూ ఎక్కారా?" అన్నాను. "ఎక్కేశాం మాస్టారూ!" అని బస్సు అదిరిపోయేలా అరిచారు. అరిచింది నలభై ఐదుగురు. నలభై ఐదు గొంతులకీ నలభై ఆరు గొంతులకీ తేడా ఏ చెవికి తెలుస్తుంది? మద్దిలపాలెం దాటాక ఒక పిల్లాడు బిస్కట్ ప్యాకెట్ పట్టుకుని వెనక సీట్ల దాకా వెళ్లి తిరిగొచ్చి, "మాస్టారూ, వాడు వెనక కూడా లేడండి" అన్నాడు.

బస్సు తిప్పుకుని వచ్చేసరికి వాడు ముంత మసాలా బండి పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు ఒళ్లో పెట్టుకున్నాడు. బండామె నన్ను చూసి, "మీ గుంటడేటి మాస్టారూ? ఏడుస్తంటే కూకోబెట్టినాను" అంది. సబ్‌మెరైన్‌లోకి పిల్లల్ని మూడు బ్యాచ్‌లుగా పంపాం. వాడు మొదటి బ్యాచ్‌లోనే బయటికొచ్చి, సబ్‌మెరైన్ వెనక మూడు పంకాలూ చూస్తూ నిలబడిపోయాడు. రెండో బ్యాచ్ వాళ్లు వాడు మూడో దాంట్లో ఉన్నాడనుకున్నారు. మూడో బ్యాచ్ వాళ్లు అసలేమీ అనుకోలేదు. ఆమె అక్కడ లేకపోతే ఎదురుగా ఉన్నది సముద్రం. రాత్రిపూట.

లేనివాడు "నేను లేను" అని చెప్పలేడు. కాబట్టి అడగొద్దు, లెక్కపెట్టండి.

లెక్క ఎలా పెట్టాలి

ఒక్కరే లెక్కపెట్టాలి. ఇద్దరు మాస్టార్లు లెక్కపెడితే రెండోవారు చూసుకుంటార్లే అని ఇద్దరూ వదిలేస్తారు. ఆ ఒక్కరూ టికెట్లు తీసే మనిషి కాకూడదు. కౌంటర్ దగ్గర చిల్లర, రాయితీ, బడి లెటర్ గొడవలో పడినవాడికి పిల్లలు కనబడరు.

తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టండి. వరసగా నంబర్లు చెప్పించడం బాగానే ఉంటుందిగానీ, హాజరు పట్టీ దగ్గర ప్రాక్సీ చెప్పే గుంటలే ఇక్కడా ఉంటారు. పక్కవాడి నంబరు వీడు చెప్పేస్తాడు, సరదాకి.

అంకె అరచేతి వెనక పెన్నుతో రాసుకోండి. కళ్లు తిరిగి ఒక పిల్ల బస్సులోనే పడుకుంటే, అప్పటికప్పుడు కొట్టేసి కొత్త అంకె రాయండి. "నలభై ఆరులో ఒకటి తక్కువ" అని నోటితో గుర్తుపెట్టుకోవడం మొదలైతే పావుగంటలో ఎవరు తక్కువో మర్చిపోతాం.

సబ్‌మెరైన్ లోపల

బయట నుంచి చూస్తే పెద్ద ఓడ. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం మనిషి వెనక మనిషి నడవాల్సిందే. అందుకే క్లాసంతా ఒక్కసారి పట్టదు, ముక్కలవుతుంది. కొందరు లోపల, కొందరు క్యూలో, బయటికొచ్చేసిన కొందరు ఇసుకలో. ఒకే క్లాసు మూడు చోట్ల ఉండే ఆ కాసేపే అసలు ప్రమాదం. ఒక పెద్దవారు ముందు లోపలికెళ్లి అటు దిగే మెట్ల కింద కాపు కాయాలి. ఒకరు క్యూ దగ్గర. ఒకరు ఆఖరి పిల్లాడి వెనక. ముగ్గురు పెద్దవాళ్లు లేని బృందం వైజాగ్ రావద్దు.

గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాలుంటాయి. పొడుగువాళ్లకి నుదురు, పొట్టివాళ్లకి మోకాలి కింద ఎముక తగులుతుంది. ముందు కాలు పెట్టి, తల వంచి, తర్వాత ఒళ్లు లాక్కోవాలి. ఇది బడి గుమ్మంలో బెంచీ అడ్డం పెట్టి ఒకసారి చేయించండి. నవ్వుకుంటారు, ఆపైన గుర్తుంటుంది.

పాఠం కూడా ముందురోజే చెప్పేయండి. ఈ సబ్‌మెరైన్ సోవియట్ వాళ్లు కట్టింది. 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి ఇలా ఒడ్డున ఉంది. ఇందులో డెబ్బై అయిదు మంది దాకా ఉండేవారని వినగానే ప్రతి పిల్లాడూ పడకల దగ్గర ఆగి "ఇంతమంది ఎక్కడ పడుకునేవారు, స్నానం ఎక్కడ?" అంటాడు. మంచి ప్రశ్నే. కానీ ఆ ఇరుకులో ఒకడు ఆగితే ముందువాళ్లు వెళ్లిపోతారు, వెనకవాళ్లు తోసుకుంటారు, వరస అక్కడ తెగుతుంది. తెగిన వరసని బయట ఎవరూ కలపరు.

మూసిన చోటంటే భయపడే పిల్లలుంటారు. "ఏం కాదు రా" అని లాక్కెళ్లకండి. మధ్యలో వెనక్కి తిప్పడం కుదరదు. ఆయాసం ఉన్నవాళ్ల మందు వాళ్ల జేబులోనే ఉండాలి, బస్సులోని సంచిలో కాదు.

పులిహోర తిన్న వెంటనే ఎక్కించొద్దు. ఎందుకో ఒకసారి చూశాను, చాలు.

విమానం దగ్గర

రోడ్డు దాటేది ఒక్కసారే, అందరూ కలిసి. సగం అటు, సగం ఇటు వద్దు. టీయూ-142 రెక్కల కింద నిలబడితే పిల్లలు తలెత్తి వెనక్కి నడుస్తారు. నాలుగు ఇంజన్లకి ఎనిమిది పంకాలు ఎందుకున్నాయో లెక్కపెట్టుకుంటూ వెనక్కి, వెనక్కి. 1988 నుంచి 2017 దాకా మన సముద్రం మీద కాపలా తిరిగిన విమానం, చూడాల్సిందే. కూర్చోబెట్టి చూపించండి.

ఇక మిగతావి వరసగా.

సోమవారం వెళ్లొద్దు, మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో వేళలు మారుతుంటాయి, ముందురోజు ఫోన్ చేయండి. పండగ ఆదివారం అసలొద్దు.

వాల్వులు, స్విచ్‌లు ముట్టుకోనివ్వొద్దు.

ప్రతి పిల్లాడి జేబులో బడి పేరు, ఇద్దరు మాస్టార్ల ఫోన్ నంబర్లు ఉన్న చీటీ. మెడలో కార్డు చాలదు, ఫొటోల కోసం తీసి బ్యాగులో పెట్టేస్తారు.

తప్పిపోతే ఎక్కడ నిలబడాలో దిగగానే వేలు పెట్టి చూపించండి. "టికెట్ కౌంటర్ దగ్గర" అని. "మమ్మల్ని వెతుక్కోండి" అని మాత్రం చెప్పొద్దు.

నీళ్లలోకి దిగనివ్వొద్దు. పాదాలు తడుపుకోవడానికి కూడా. ఆ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కెళ్లే అల కింద ఇసుకని లాగేస్తుంది. "ఒక్క నిమిషం మాస్టారూ" అన్నా వద్దు. పదో తరగతి వాళ్లని అసలు నమ్మొద్దు.

ముంత మసాలా, ఐస్‌క్రీమ్ అన్నీ లెక్కయ్యాకే. కొనిపెట్టాక మళ్లీ లెక్క.

బాత్రూమ్‌కి జంటగా పంపండి. వచ్చాక లెక్క.

గ్రూప్ ఫొటో తీశాం కదా అందరూ ఉన్నారు అనుకోవద్దు. ఫొటో అయ్యాకే తప్పిపోతారు.

చీకటి పడకముందే బస్సెక్కించండి.

బస్సు దగ్గర మళ్లీ తల మీద చెయ్యి, మళ్లీ చేతి మీది అంకె. డ్రైవర్ హారన్ కొట్టినా, హెడ్ మాస్టరు గారు ముందు సీట్లోంచి "అందరూ ఎక్కారా?" అని అడిగినా బదులు చెప్పొద్దు. లెక్క పూర్తయ్యాక అంకె చెప్పండి. అంకె కుదరకపోతే బస్సు తాళం చెవి మీ జేబులో వేసుకుని కిందికి దిగండి.