పాలపళ్ల పాఠాలు – 3: ఒళ్లో తల, చేతిలో బ్రష్షు

పోయిన పాఠంలో పళ్లు రాకముందు చిగుళ్లను తడిగుడ్డతో తుడవడం చూశాం. ఇప్పుడు పన్ను వచ్చింది. చాలామందికి ఆరో నెల అటూ ఇటూగా కింద రెండు పళ్లు పొడుచుకొస్తాయి. మూడేళ్లు నిండేసరికి 20 పాలపళ్లూ వచ్చేస్తాయి. మొదటి పన్ను కనిపించిన రోజే బ్రష్షు మొదలుపెట్టాలి.

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ముందు పళ్ల సంగతి సరే, అవి ఆరేడేళ్లకే ఊడతాయి. దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా పని చేయాలి. అవి పుచ్చిపోయి ముందే పీకించాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు దొరక్క వంకర పోతుంది.

ఈ వారం నేర్చుకోవాల్సింది ఒక్కటే: బిడ్డను పట్టుకునే తీరు. ఎదురుగా నిలబడి తోమబోతే తల తిప్పేసుకుంటారు, పై పళ్లు మీకు కనబడనే కనబడవు. ఇద్దరు పెద్దవాళ్లు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ అమ్మ వైపు ముఖం పెట్టి, ఆమె నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలి. అలాగే వెనక్కి వాల్చితే తల నాన్న ఒళ్లోకి వస్తుంది. అమ్మ చేతులు పట్టుకుంటుంది, నాన్న తోముతాడు. ఒక్కరే ఉంటే చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డ తల మీ తొడల మధ్య పెట్టుకోండి. కాళ్ల మీద పడుకోబెట్టి లాలపోసిన వాళ్లకు ఇదేమంత కొత్త కాదు.

ఇప్పుడు ఎడమచేతి చూపుడువేలితో పై పెదవి ఎత్తండి. పెదవినీ చిగురునీ కలుపుతూ మధ్యలో సన్నటి పొర ఉంటుంది. బ్రష్షు దానికి తగిలితే బాగా నొప్పి పుడుతుంది, కాబట్టి వేలు దాని మీద అడ్డుగా ఉంచండి. బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. వెనక పళ్ల దగ్గర నోరు మరీ పెద్దగా తెరిపిస్తే బుగ్గ బిగుసుకుంటుంది, సగం తెరిస్తేనే బ్రష్షు పడుతుంది. ఏడుస్తున్నారా? నోరు తెరిచే ఉంది, లోపలి వైపు తోమేయండి.

పెదవి ఎత్తినప్పుడే చిగురు వెంబడి చూడండి. సుద్దలాంటి తెల్లటి చార కనిపిస్తే పుచ్చు మొదలవుతోందన్నమాట. గుంట పడకముందు దాన్ని ఆపే వీలుంది, వెంటనే డాక్టరుకు చూపించండి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ఇది పై ముందు పళ్ల మీదే మొదలవుతుంది. నిద్రలో లాలాజలం తగ్గి, పాలలోని చక్కెర అక్కడే నిలిచిపోతుంది. కింది ముందు పళ్లకు నాలుక కాస్త అడ్డు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టే, ఉదయం హడావుడిలో సరిగా కుదరకపోయినా రాత్రి తోమడం మాత్రం మానకండి. తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠానీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా మెలికలు తిరిగే పేస్టు పెద్దవాళ్లకే దండగ. పన్ను పుచ్చకుండా కాపాడేది పేస్టులోని ఫ్లోరైడే, అది ఎంత ఉందో పెట్టె మీద చదవండి. మన దేశంలో 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదు. బొమ్మలేసి పిల్లల పేరుతో అమ్మే కొన్నింట్లో అసలు ఫ్లోరైడే ఉండదు. నల్గొండ వైపు ఊళ్లలోలాగా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగే ఇంట్లోనైతే, ఏ పేస్టు వాడాలో డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. బొగ్గు, ఇటుకపొడి జోలికి పోవద్దు, పన్ను పైపొర అరిగిపోతుంది.

తనే తోముకుంటానని మారాం చేస్తే పొద్దున వదిలేయండి, రాత్రి మాత్రం మీ చెయ్యే పడాలి. ఏడెనిమిదేళ్ల దాకా ఇంతే.

వచ్చే పాఠం: ఏ పన్నూ ఊడకుండానే ఆరేళ్లకు వెనకాల వచ్చే శాశ్వత దవడ పన్ను గురించి. చాలామంది దాన్ని పాలపన్ననుకుని వదిలేస్తారు.