ఎండలు ముదరకముందే పాత బండి పెట్రోల్ లైన్ చూసుకోండి: ఫిల్టర్‌లో గాలి కనిపిస్తే ఏం చేయాలి

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో పాత కార్బరేటర్ బండ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. మధ్యాహ్నం అమీర్‌పేట ట్రాఫిక్‌లో అరగంట నలిగాక మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. కాసేపు నీడలో పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ కదులుతుంది. వంగి చూస్తే పెట్రోల్ పైపు మధ్యలో ఉండే ఫిల్టర్‌లో సగం దాకా గాలి. ‘ఎయిర్ పట్టింది’ అని అక్కడికక్కడే తేల్చేసి పైపు పీకి ఊదుతారు, ఫిల్టర్ మారుస్తారు, క్లిప్పులు బిగిస్తారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

ఫిల్టర్‌లో గాలి కనిపించినంత మాత్రాన జబ్బు అదేనని కాదు. పంపు లేని బండిలో పెట్రోల్ తన బరువుతోనే కిందికి దిగుతుంది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టినప్పుడు చుక్కలు పడే గొట్టంలో సగం గాలే ఉంటుంది, అయినా మందు ఆగదు. ఇక్కడా అంతే. సగం ఖాళీగా కనిపించే ఫిల్టర్‌తో ఏళ్ల తరబడి హాయిగా నడిచే బండ్లున్నాయి. చూడాల్సింది బుడగను కాదు, కార్బరేటర్ కప్పులోకి (ఇంజన్‌కు పోయే ముందు పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) నిమిషానికి ఎంత పెట్రోల్ పడుతోందో. ఆ పరీక్ష మార్చిలోనే చేసుకుంటే మేలో రోడ్డు పక్కన నిలబడే పని తప్పుతుంది.

పని మొదలుపెట్టే ముందు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. సెల్లార్‌లో నీళ్ల మోటారు, జనరేటర్, స్విచ్ బోర్డులు అన్నీ దగ్గర్లోనే ఉంటాయి. ఆరుబయట, నీడలో, ఇంజన్ పూర్తిగా చల్లారాక చేయండి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. మండే పెట్రోల్ మీద నీళ్లు పోస్తే మంట నీళ్లతోపాటే పరుగెత్తుతుంది. పైపును నోటితో పీల్చడం, ఊదడం చాలామంది మెకానిక్‌లు చేసే పనే, కానీ చేయకూడనిది. పెట్రోల్ కడుపులోకి పోవడం ఒక ప్రమాదమైతే, ఊపిరితిత్తుల్లోకి పోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. పట్టిన పెట్రోల్‌ను మంచినీళ్ల సీసాలో పోసి మూల పెట్టొద్దు. ఇంట్లో పిల్లలుంటే మరీను.

ఒక నిమిషం పరీక్ష

ట్యాంకులో సగానికి పైగా పెట్రోల్ ఉండాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. కార్బరేటర్ కప్పు అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని గొట్టాన్ని కొలత గీతలున్న గాజు గ్లాసులోకి పెట్టి, కాక్ (ట్యాంకు కింద పెట్రోల్‌ను తెరిచి మూసే కుళాయి) ఆన్ చేసి, స్క్రూ వదులు చేయండి. మొదట కప్పులో ఉన్నది దిగిపోతుంది, అది లెక్కలోకి రాదు. ఆ తరువాత సరిగ్గా ఒక నిమిషం పట్టండి.

లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 వేగంతో పోతే నిమిషానికి తాగేది 20 మిల్లీలీటర్లే. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే దానికి రెండు మూడింతలు కావాలి. అందుకే 100 నుంచి 150 సీసీ బండికి 100 మిల్లీలీటర్లు, 350 సీసీ బుల్లెట్‌కు 200 మిల్లీలీటర్లు పడితే నిశ్చింతగా ఉండొచ్చు. అంకె కంటే ముఖ్యం ధార తీరు. మొదట బాగా వచ్చి, అర నిమిషం తరువాత సన్నబడిందంటే లైన్‌లో ఎక్కడో అడ్డు ఉంది. సరిపడా పడుతూ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే ఫిల్టర్‌లో బుడగ ఉన్నా దాని జోలికి పోవద్దు.

కొన్ని స్కూటర్లలో కాక్ ఇంజన్ పీల్పుతోనే తెరుచుకుంటుంది. అలాంటి వాటికి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పెట్రోల్ రాకపోవడమే సరైన తీరు, కంగారు పడొద్దు.

ధార సన్నబడితే ఎక్కడ వెతకాలి

ముందు ట్యాంకు మూత. పెట్రోల్ దిగినంత మేర గాలి పైనుంచి లోపలికి రావాలి. మూతలో ఉండే సన్నటి రంధ్రం దుమ్ముతోనో తుప్పుతోనో మూసుకుపోతే ట్యాంకు పైభాగంలో వెలితి ఏర్పడి, పెట్రోల్‌ను పైకే పట్టి ఉంచుతుంది. ధార సన్నబడినప్పుడు మూత తెరవండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి ధార మళ్లీ పెరిగితే దోషం మూతదే. సన్న తీగతో రంధ్రం శుభ్రం చేయండి. రెక్సిన్ ట్యాంక్ కవర్ మూతను కూడా కప్పేస్తుంటే దాన్ని కత్తిరించండి. ఖర్చు లేని రిపేరు ఇది, అందుకే కాబోలు దీన్ని చివర్లో చూస్తారు!

మూత సరిగ్గానే ఉంటే ఫిల్టర్ ముందు పైపు విప్పి అదే కొలత మళ్లీ తీయండి, తరువాత ఫిల్టర్ అవతల తీయండి. ఎక్కడ తేడా కనిపిస్తే అడ్డు అక్కడే. కాక్ దగ్గరే సన్నగా వస్తే రిజర్వ్‌కు తిప్పి చూడండి. మెయిన్ గొట్టం ట్యాంకులో కాస్త పైకి లేచి ఉంటుంది, రిజర్వ్ అడుగునుంచి తీసుకుంటుంది. రెంటిలో ఒకటి బాగుంటే కాక్ జాలీలో కచరా ఉన్నట్టు. ఫిల్టర్ దాటాక కూడా బాగా వచ్చి కప్పులోకి మాత్రం రాకపోతే, కప్పు నిండగానే పెట్రోల్ దారి మూసే ఫ్లోట్ పిన్ను పట్టేసి ఉండొచ్చు, లేదా కప్పు గాలి గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. నెలల తరబడి కదలని బండ్లలో ఆ గొట్టం కొసన కందిరీగలు మట్టి గూడు కడతాయి. కప్పులోని గాలి బయటికి పోలేకపోతే పెట్రోల్ లోపలికి రాదు.

నిజంగా గాలే అడ్డుపడితే

పాత నమ్మకం ఒకటి ఇక్కడ పక్కన పెట్టాలి. క్లిప్పు వదులైతే గాలి లోపలికి పీల్చుకుంటుందని అంటారు. బరువుతో దిగే లైన్‌లో పీల్పు ఉండదు, లోపలి ఒత్తిడే బయటి కంటే కాస్త ఎక్కువ. క్లిప్పు వదులైతే పెట్రోల్ బయటికి చెమ్మగిల్లుతుంది. పైపు బయట పొడిగా ఉండీ లోపల బుడగలు వస్తున్నాయంటే, మూత రంధ్రం మూసుకుపోయిన సందర్భం తప్పిస్తే, ఆ గాలి జాయింట్ నుంచి రాలేదు. ట్యాంకు ఎండిపోయే దాకా నడిపినప్పుడో, ఫిల్టర్ మార్చినప్పుడో చిక్కుకున్న గాలి అయినా కావాలి, వేడికి పుట్టిన ఆవిరి అయినా కావాలి.

చిక్కిన గాలి ఎందుకు కదలదంటే, అక్కడున్న ఒత్తిడి చాలా తక్కువ. 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోల్ ఇచ్చేది పీఎస్‌ఐలో మూడో వంతు. టైర్లో గాలి 28 పీఎస్‌ఐ అనుకుంటే తేడా మీకే తెలుస్తుంది. పెట్రోల్‌తో తడిసిన సన్న కాగితం ఫిల్టర్ పెట్రోల్‌ను పోనిస్తుంది గానీ ఇంత కొద్ది ఒత్తిడికి గాలిని పోనివ్వదు. గాలి కాగితాన్ని ఎంత మేర కప్పితే అంత మేర దారి మూసుకున్నట్టే. పంపు ఉన్న కార్ల కోసం చేసిన ఫిల్టర్‌ను బైక్‌కు పెడితే ఎక్కువగా జరిగేది ఇదే. ఎక్కువ వడకడితే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ బరువుతో దిగే లైన్‌కు కావాల్సింది జాలీ ఫిల్టర్ లేదా బైక్‌ల కోసమే చేసిన ముతక కాగితం ఫిల్టర్. కోఠి పక్కన పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో కొనేటప్పుడు బండి పేరు చెప్పి, పంపు లేని కార్బరేటర్ బండి అని కూడా చెప్పండి. చాలా పాత బండ్లకు కాక్‌లో జాలీ ఎటూ ఉంటుంది. ఆ జాలీ, ట్యాంకు రెండూ శుభ్రంగా ఉంటే బయటి ఫిల్టర్ లేకపోయినా నష్టం లేదు.

ఫిల్టర్ మీది బాణం కార్బరేటర్ వైపు చూపాలి. పైపు కాక్ నుంచి కార్బరేటర్ దాకా దిగుతూనే ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేచి వంపు తిరగకూడదు. ఆ వంపు నెత్తిన గాలి కూర్చుంటే కదలదు. పొడుగు పైపును చుట్ట చుట్టి ఇరికించడం వల్లే సగం తిప్పలు. అంగుళం అంగుళం కత్తిరించి సరిచేయండి. ఫిల్టర్ నిలువుగా గానీ ఏటవాలుగా గానీ, పెట్రోల్ వచ్చే వైపు పైన ఉండేలా కూర్చుంటే బుడగ తనంతట తానే ట్యాంకులోకి ఎక్కిపోతుంది.

గాలి తీయాలంటే ముందు కొత్త ఫిల్టర్‌లో పెట్రోల్ వచ్చే వైపు నుంచే కొద్దికొద్దిగా పోసి, కాగితం తడిసి నిండాక బిగించండి. కాక్ రిజర్వ్‌లో పెట్టి డ్రెయిన్ స్క్రూ ఒకటిన్నర చుట్లు వదులు చేయండి. ధార వస్తుండగా ఫిల్టర్‌ను వేలితో మెల్లగా తట్టండి. అయినా పెద్ద బుడగ మిగిలితే ఫిల్టర్‌ను కొన్ని క్షణాలు అటూ ఇటూ వాల్చి, మళ్లీ నిలువుగా వదిలేయండి. ధార స్థిరపడ్డాక స్క్రూ బిగించండి, మరీ గట్టిగా కాదు, మెత్తటి లోహం కాబట్టి మరలు పోతాయి. కంప్రెసర్ గాలి కొట్టొద్దు. ఆ ఒత్తిడికి ఫ్లోట్, కాక్ రబ్బర్లు తట్టుకోవు.

ఎండ, ఇథనాల్

పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం గాలే అంత వేడి, ఇక సిలిండర్ పక్కనుంచి పోయే పైపు సంగతి చెప్పేదేముంది. అసలు గండం బండి నడుస్తున్నప్పుడు కాదు, ఆపాక. గాలి తగలడం ఆగిపోయి ఇంజన్ వేడి పైకెక్కుతుంది, పది పదిహేను నిమిషాల దాకా కార్బరేటర్ ఇంకా ఇంకా కాగుతుంది. చాయ్ తాగి వచ్చి కిక్ కొడితే స్టార్టవకపోవడానికి కారణం ఇదే. ఫిల్టర్‌కూ సిలిండర్ రెక్కలకూ మధ్య కనీసం రెండంగుళాల ఎడం ఉండాలి. మెరుస్తుందని పెట్టే లోహపు ఫిల్టర్ వేడిని తొందరగా పట్టుకుంటుంది. పైపుకు ఫైబర్‌గ్లాస్ తొడుగు వేస్తే మేలు.

ఇప్పుడు బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిసినదే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి రబ్బర్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత పైపు ఉబ్బి, మెత్తబడి, లోపలి పొర ఊడి నాలుకలా అడ్డుపడుతుంది. బయటికి బాగానే కనిపిస్తుంది, అదే మోసం. ఇథనాల్ ట్యాంకు గోడలకు అంటిన పాత మడ్డిని, తుప్పును కూడా వదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. అందుకని చాలాకాలం నిలిపిన బండిని మళ్లీ తీసినప్పుడు మొదటి 500 కిలోమీటర్లలోనే ఫిల్టర్ చూడండి. పైపు మారిస్తే ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యుయల్ పైపే అడగండి, విటాన్ అనే రబ్బరుతో చేసినదైతే ఇంకా మంచిది. కూలర్‌కు వాడే తెల్ల పైపు కొన్నాళ్లకే పసుపెక్కి, గట్టిపడి, మూతి దగ్గర జారిపోతుంది. స్ప్రింగ్ క్లిప్పులే వాడండి, బైండింగ్ తీగ రబ్బరును కోస్తుంది.

ట్యాంకు అంచు దాకా నింపొద్దు. 10 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అలాగని అడుగంటించొద్దు కూడా. మట్టం తగ్గేకొద్దీ తోసే ఒత్తిడి తగ్గుతుంది, అడుగున ఉన్న నీరు, తుప్పు లైన్‌లోకి దిగుతాయి. వేసవిలో సగం నుంచి ముప్పావు మధ్య ఉంచుకోవడం మేలు.

టూ స్ట్రోక్ బండ్ల వాళ్లు ఈ విషయాన్ని ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే పిస్టన్ వేడెక్కి ఇంజన్ జామ్ అవుతుంది. ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలిపి పోసే పాత యెజ్డీ లాంటి వాటికైతే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా ఆగినట్టే. మిస్సింగ్ మొదలవగానే క్లచ్ పట్టేయండి, ‘లాగేస్తుందిలే’ అని యాక్సిలరేటర్ తిప్పకండి.

దారిలో ఆగిపోతే

శ్రీశైలం వెళ్లేవాళ్లకు మన్ననూరు దాటాక దోమలపెంట దాకా అడవి, అక్కడ మెకానిక్ దొరకడం కష్టం. ఒక అడుగు పైపు, రెండు క్లిప్పులు, ఒక ఫిల్టర్, స్క్రూడ్రైవర్, ప్లగ్ పానా, ఒక గుడ్డ దగ్గర పెట్టుకోండి. బండి ఆగితే క్లచ్ పట్టి ఎడమ పక్కకు తెచ్చి, వెంటనే మూత తెరిచి గాలి శబ్దం వినండి. ఎండలో నిలిపిన ట్యాంకులో ఆవిరి ఒత్తిడి ఉండొచ్చు కాబట్టి మొహం దూరంగా పెట్టి నెమ్మదిగా తెరవండి. తరువాత కాక్ రిజర్వ్‌కు తిప్పండి. ఫలితం లేకపోతే పైపుకూ ఫిల్టర్‌కూ తడి గుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఆగండి. అప్పుడు నడిస్తే అది ఆవిరి కావొచ్చు. సిలిండర్ మీద మాత్రం నీళ్లు చల్లొద్దు.

చివరిగా ఒక చిక్కు. వేడెక్కాక ఆగి, చల్లారాక నడవడం ఇగ్నిషన్ కాయిల్ పాడైనప్పుడూ అచ్చంగా ఇలాగే ఉంటుంది. తేడా తేలేది బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే. అందుకే తడి గుడ్డ చుట్టే ముందే, ట్యాంకు మూత మూసి, ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా హెడ్‌కు ఆనించి కిక్ కొట్టండి. నిప్పురవ్వ నీలంగా, గట్టిగా రావాలి. ప్లగ్ మళ్లీ బిగించాక డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కప్పులో పెట్రోల్ ఉందో లేదో చూడండి. ఈ వరుస మార్చొద్దు, కారిన పెట్రోల్ దగ్గర నిప్పురవ్వ పనికిరాదు. కప్పు నిండుగా ఉండి రవ్వ లేకపోతే పెట్రోల్ లైన్‌ను వదిలేసి కాయిల్, సీడీఐ (నిప్పురవ్వను సమయానికి పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) చూపించండి.