పాత వెండింగ్ మిషన్‌కు గాజు సీసాల కూల్‌డ్రింకులు: వరంగల్‌లో వెతుక్కునే పద్ధతి

మా మిత్రుడొకరు హైదరాబాదులో పాత సామాన్ల వ్యాపారి దగ్గర 1950ల నాటి అమెరికన్ వెండింగ్ మిషన్‌ను కొని, హనుమకొండలోని తన టిఫిన్ సెంటర్‌లో పెట్టుకున్నారు. మెకానిక్ దాని కంప్రెసర్‌ను బాగుచేశాడు, మన 230 వోల్టుల కరెంటును దానికి తగ్గట్టు దించే ట్రాన్స్‌ఫార్మర్ కూడా దొరికింది. దొరకనివి సీసాలే. గాజు సీసాల కోసమే చేసిన ఆ మిషన్‌లో ప్లాస్టిక్ సీసా నలిగి అడ్డం పడుతుంది, టిన్ను అసలే ఒదగదు. ఆయన కోసం కొన్ని నెలలు తిరిగి నేను నేర్చుకున్నది, అటువంటి మిషన్ ఉన్న మరొకరికి పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

థమ్సప్ కావాలా, లిమ్కా కావాలా అన్నది తర్వాతి మాట. మీ మిషన్ ఏ కొలత సీసాను తీసుకుంటుందో ముందు తేల్చుకోవాలి. ఆ కాలంలో అమెరికాలో ఎక్కువగా నడిచినది ఆరున్నర ఔన్సుల సీసా, అంటే మన లెక్కలో సుమారు 192 మిల్లీలీటర్లు. అందువల్ల మన 200 మిల్లీలీటర్ల గాజు సీసా దానికి అన్నింటికన్నా దగ్గరగా ఉంటుంది. అయితే పట్టే పానీయం సమానమైనంత మాత్రాన చుట్టుకొలత సమానం కాదు. వెర్నియర్ కాలిపర్ లేనివారు ఒక దారాన్ని సీసా చుట్టూ బిగించి, దాని పొడవును స్కేలు మీద చూసి, 3.14తో భాగిస్తే వ్యాసం తెలుస్తుంది. దారం 19 సెంటీమీటర్లు వస్తే సీసా వెడల్పు ఆరు సెంటీమీటర్లకు కొంచెం పైన అన్నమాట. నడుము సన్నగా ఉండే సీసాలను అడుగు దగ్గర ఒకసారి, భుజం దగ్గర ఒకసారి కొలిచి, రెండింటిలో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మేము ఈ పని చేయకుండానే మొదటి రోజు 300 మిల్లీలీటర్ల సీసాలు ఒక కేసు తెచ్చి నింపాము. మూడో సీసా ఇరుక్కుంది, దాన్ని లాగబోతే మెడ విరిగింది, ఆ రాత్రి పదకొండు దాకా లోపలి జిగటను కడుగుతూ కూర్చున్నాము. తప్పు పూర్తిగా మాదే.

ఏ కొలత ముఖ్యమన్నది మిషన్ రకాన్ని బట్టి ఉంటుంది. పెట్టెలాగా పైమూత తెరుచుకునే కొన్ని పాత మిషన్లలో సీసాలు రెండు పట్టాల మధ్య మెడతో వేలాడుతూ ఉంటాయి, నాణెం పడగానే చివరి గేటు ఒక్క సీసాను వదులుతుంది; వాటికి మూత కింద ఉండే మెడ మందం సరిపోవాలి. బీరువాలాగా నిలబడే మిషన్లలో సీసాలు అరల్లో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకుంటాయి కాబట్టి వాటికి పొట్ట వెడల్పూ పొడవూ రెండూ ముఖ్యమే. సీసా అరకన్నా కొంచెం సన్నగా ఉంటే అర పక్కన పట్టీలు అమర్చి సరిచేసుకోవచ్చు, ఆ మిషన్లు అలా సర్దుకునేటట్టే తయారయ్యాయి. లావైతే మాత్రం ఏ ఉపాయమూ లేదు.

ఇక సీసాలు ఎక్కడ దొరుకుతాయన్నది. సూపర్ మార్కెట్ల చుట్టూ తిరగడం వృథా ప్రయాస. గాజు సీసా తిరిగి కంపెనీకి పోవాలి కనుక, కొన్నవాడు అక్కడే నిలబడి తాగి సీసాను అక్కడే పెట్టిపోయే చోట్లలోనే అది ఇంకా మిగిలి ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చే రోజుల్లో ఆ చుట్టుపక్కల పాన్ డబ్బాలు, కాజీపేట జంక్షన్ బయటి పాత హోటళ్ళు, నర్సంపేట, పరకాల వైపు పల్లెల కిరాణా కొట్లు: ఇటువంటి చోట్ల వెతకాలి. దుకాణం పక్కన గళ్ళ ప్లాస్టిక్ కేసులు పేర్చి ఉంటే అక్కడ ఆగండి. దుకాణదారును సీసాలు అమ్మమని అడగకండి, అతను అమ్మలేడు, ఎందుకంటే అవి అతనివి కావు, డిపాజిట్ మీద వచ్చినవి. సరుకు ఏ ఏజెన్సీ నుంచి వస్తుంది, దుకాణాలకు సరుకు వేసే లైన్ ఆటో ఏ రోజున వస్తుంది అన్న రెండు సంగతులు మాత్రం అడిగి తెలుసుకోండి.

అసలు చిక్కు ఏజెన్సీలో ఎదురవుతుంది. మేము మొదట వెళ్ళిన చోట గుమస్తా తల కూడా ఎత్తకుండా, "ఖాళీ సీసలు తెస్తెనే నిండువి ఇస్తం సార్, లేకుంటె పెట్ బాటిల్ తీస్కపోండ్రి" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఈ వ్యాపారమంతా ఖాళీల మీదే నడుస్తుంది: 24 సీసాల కేసు లోపలికి వస్తేనే 24 నిండు సీసాలు బయటికి వెళతాయి. కాబట్టి కొత్తవారు మొదటిసారి సీసాలకూ కేసుకూ కలిపి డిపాజిట్ కట్టి, రసీదు తీసుకోవాలి. ఒక కేసు మిషన్‌లో ఉండగా మరొకటి మార్పిడికి ఉండేలా రెండు కేసులకు డిపాజిట్ కడితే నెలల తరబడి ఇబ్బంది ఉండదు. శివరాత్రి దాటి ఎండలు ముదిరాక ఏజెన్సీ వారికి పాత ఖాతాదారులతోనే తీరిక ఉండదు, కనుక ఈ ఏర్పాటును చలికాలంలోనే చేసుకోవడం మంచిది.

గోళీ సోడా పెట్టకూడదా అని చాలామంది అడుగుతారు. 1870లలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్న ఆ సీసాలో గ్యాసు ఒత్తిడే గోళీని రబ్బరు వాచరుకు నొక్కి పట్టి మూతగా నిలుపుతుంది. నాకు దాని మీద ఉన్న ప్రేమ థమ్సప్ మీద లేదు, ఐనవోలు జాతరకు వెళితే రెండు తాగనిదే తిరిగి రాను. అయినా మిషన్‌కు అది పనికిరాదు: మెడ నొక్కులు పట్టాల మీద నిలవవు, సీసా బరువెక్కువ, పైగా తలుపు మీది ఓపెనర్‌కు అక్కడ రేకు మూతే లేదు. ఇక పాత ఇనుప సామాన్ల కొట్లలో కనిపించే గోల్డ్ స్పాట్ అనే పార్లే కంపెనీ ఆరెంజ్ కూల్‌డ్రింకు సీసాల విషయం. 1993లో పార్లే బ్రాండ్లు కోకాకోలా చేతికి వెళ్ళాక ఆ పానీయం కనుమరుగైంది. ఆ ఖాళీలు అద్దాల అరలో అలంకారానికి బాగుంటాయి. కంపెనీ పేరు అచ్చు పోసిన సీసాలో వేరే సోడా నింపి అమ్మే ఆలోచన మాత్రం చేయకండి, అది నేరం.

సీసాలు చేతికి వచ్చాక ఒక్కొక్కదాన్నీ వెలుతురులో తిప్పి చూడాలి. భుజం చుట్టూ, అడుగు చుట్టూ తెల్లటి రాపిడి వలయం ఉంటే భయపడనక్కరలేదు, అది ఎన్నోసార్లు ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చిన గుర్తు. మెడ కింద వెంట్రుకలాంటి చీలిక కనిపించినా, మూతి అంచున పెచ్చు ఊడినా ఆ సీసాను పక్కన పెట్టాలి, ఎందుకంటే మిషన్‌లో అది కొంత ఎత్తు నుంచి పడుతుంది. మూత తుప్పు పట్టి ఉంటే అది తడిలో నిలవ ఉన్న సరుకు. మూత మీదనో మెడ మీదనో ఉన్న తేదీ చూసి మార్చి ఇవ్వమనండి. బండి మీద తెచ్చిన సీసాలను కొన్ని గంటలు కదలకుండా ఉంచి ఆ తర్వాతే నింపండి. చల్లదనాన్ని నాలుగు డిగ్రీల దగ్గర ఆపండి. సున్నా కిందికి దిగితే ముందు ప్లెయిన్ సోడా గడ్డకట్టి సీసా పగులుతుంది, చక్కెర ఉన్నవి ఇంకొంచెం ఆగుతాయి.

మిషన్ పక్కనే ఒక ఖాళీ కేసు పెట్టి, తాగినవారు సీసాను అందులోనే నిలబెట్టేలా చూడండి. మా మిత్రుడు మొదటి నెలలో ఏడు సీసాలు పోగొట్టుకున్నారు, అన్నీ పిల్లలు ముచ్చటపడి ఇంటికి పట్టుకుపోయినవే. ఇప్పుడు కౌంటర్ దగ్గరి కుర్రవాడు ప్రతి రాత్రి షట్టర్ దించేముందు నిండువీ ఖాళీవీ కలిపి 48 లెక్క తేలిందో లేదో చూసి, గోడ మీది క్యాలెండర్‌లో రాస్తాడు.