గేమింగ్ కీబోర్డు ఎంపిక – మూడవ పాఠం: నొక్కడం, వదలడం

గత రెండు పాఠాలలో కీబోర్డు పరిమాణాన్ని, కీల అమరికను పరిశీలించాం. నంబర్ ప్యాడ్ లేని 87 కీల కీబోర్డు వాడితే, 104 కీల పూర్తి కీబోర్డుతో పోలిస్తే మౌస్ కదలికకు ఎక్కువ చోటు దొరుకుతుందని చూశాం. ఈ పాఠంలో కీబోర్డు లోపల జరిగే పనిని తెలుసుకుందాం. కొనేటప్పుడు చాలామంది కీని నొక్కితే వేలికి ఎలా తగులుతోందో మాత్రమే గమనిస్తారు. ఆటలో మాత్రం వేలు కీని వదిలే క్షణం కూడా నొక్కే క్షణమంత ముఖ్యమైనది. ఎందుకంటే పాత్ర ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు దిశ మార్చాలో నిర్ణయించేది ఆ వదలడమే. ఈ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకుంటే, ప్రకటనల్లో కనిపించే అంకెలలో ఏది పనికొస్తుందో, ఏది అంతగా అక్కరలేదో సులభంగా తేలిపోతుంది.

ముందుగా ఒకేసారి అనేక కీలు నొక్కి ఉంచే సందర్భాన్ని తీసుకుందాం. ముందుకు పరుగెత్తుతూ, పక్కకు జరుగుతూ, అదే సమయంలో దూకాలంటే డబ్ల్యూ, డీ, షిఫ్ట్, స్పేస్ కలిపి నాలుగు కీలు ఒకేసారి కింద ఉంటాయి. కీబోర్డులో ప్రతి కీకీ విడిగా ఒక తీగ ఉండదు. కీలన్నీ అడ్డ వరుసలు, నిలువు వరుసలుగా అల్లిన ఒక వలలో ఉంటాయి. కంట్రోలర్ చిప్ ఒక్కో వరుసను వెంటవెంటనే తడుముతూ, ఏ కూడలిలో కరెంటు ప్రవహిస్తోందో చూసి ఏ కీ నొక్కారో గుర్తిస్తుంది. ఈ వలలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టుదారిలో వెళ్లి నాలుగో మూలలోని కీ కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. దీనినే ఘోస్టింగ్ అంటారు. ఆ పొరపాటు బయటపడకుండా చాలా సాధారణ కీబోర్డులు అనుమానం వచ్చిన మూడో కీని అసలు పట్టించుకోవు. అప్పుడు మీరు దూకు కీని నొక్కినా పాత్ర దూకదు, తప్పు మీ వేలిదేనని మీరు అనుకుంటారు.

దీనికి సరైన పరిష్కారం ప్రతి కీకీ ఒక డయోడు పెట్టడం. డయోడు కరెంటును ఒక్క దిశలోనే పోనిస్తుంది కాబట్టి చుట్టుదారి మూసుకుపోతుంది. ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డులలో మంచివాటికి సాధారణంగా ఈ ఏర్పాటు ఉంటుంది. గేమింగ్ పేరుతో వచ్చే మెంబ్రేన్ కీబోర్డులు (కీలన్నిటి కింద పలుచని పొరలు ఉండే రకం) కొన్ని డయోడ్ల జోలికి పోకుండా, ఆటలో ఎక్కువగా వాడే కీల చుట్టూ వలను మార్చి అల్లుతాయి. అది కూడా చాలావరకు సరిపోతుంది.

ఎన్ని కీలనైనా ఒకేసారి గుర్తించే ఎన్-కీ రోల్ఓవర్ గురించి ఒక మాట. యూఎస్‌బీ కీబోర్డులు కంప్యూటర్‌కు పంపే ప్రాథమిక నివేదికలో 8 బైట్లు ఉంటాయి. ఒక బైటు షిఫ్ట్, కంట్రోల్ వంటి వాటికి, మరొకటి ఖాళీగా, మిగిలిన ఆరు బైట్లు ఆరు సాధారణ కీలకు. ఆరు కీల పరిమితి అక్కడి నుంచి వచ్చింది. ఒక్కరే ఆడేటప్పుడు ఎడమ చేతి అయిదు వేళ్లకు ఈ ఆరు కీలు చాలు. ఇద్దరు ఒకే కీబోర్డు మీద ఆడితేనో, తాళానికి తగ్గట్టు ఎన్నో కీలు కలిపి నొక్కే సంగీత ఆటలు ఆడితేనో తప్ప ఎన్-కీ కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక స్విచ్‌ల సంగతి. మెకానికల్ స్విచ్‌లలో కొలబద్దగా నిలిచినది చెర్రీ సంస్థ ఎంఎక్స్ కుటుంబం. అందులో ఎర్ర స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 2 మిల్లీమీటర్ల దగ్గర, 45 సెంటీన్యూటన్ల బలంతో, అంటే సుమారు 46 గ్రాముల బరువు మోపితే, కీ నొక్కినట్టు నమోదవుతుంది. ఇది లీనియర్ రకం, దారిలో ఎక్కడా అడ్డు తగలదు. గోధుమ రంగు స్విచ్‌లో మధ్యలో ఒక చిన్న గట్టు వేలికి తెలుస్తుంది. నీలం స్విచ్‌లో ఆ గట్టుతో పాటు టిక్కుమనే శబ్దం కూడా ఉంటుంది.

నీలం స్విచ్‌ను కొంచెం దగ్గరగా పరిశీలించండి. అది 2.2 మిల్లీమీటర్ల దగ్గర నమోదవుతుంది. కానీ మళ్లీ నొక్కడానికి సిద్ధం కావాలంటే వేలు ఆ బిందువును దాటి ఇంకా పైకి రావాలి. లోపల శబ్దం చేసే చిన్న తెల్లటి భాగం తిరిగి తన స్థానంలోకి ఎగిరితేగాని కీ విడుదల అయినట్టు లెక్క కాదు. వ్యాసాలు రాసేవారికి ఇది ఏ ఇబ్బందీ కాదు. ఒకే కీని వేగంగా రెండుసార్లు తట్టవలసిన ఆటలో మాత్రం ఆ అదనపు దూరం వేలికి భారమవుతుంది. ఎర్ర స్విచ్‌లో నమోదు బిందువు, విడుదల బిందువు దాదాపు ఒకే చోట ఉంటాయి. షూటింగ్ ఆటలకు లీనియర్ స్విచ్‌లను ఎంచుకోమనడానికి అసలు కారణం మెత్తదనం కాదు, ఇదే. రాత పని కూడా అంతే ఎక్కువగా ఉన్నవారు గోధుమ రంగును తీసుకోవచ్చు.

1.2 మిల్లీమీటర్లకే నమోదయ్యే స్పీడ్ సిల్వర్ వంటి స్విచ్‌లూ ఉన్నాయి. కీల మీద వేళ్లు బరువుగా ఆనించే అలవాటున్నవారు వీటికి దూరంగా ఉండటం మంచిది, అనుకోకుండానే కీలు నొక్కుకుపోతాయి.

వదలడానికి సంబంధించిన మరో ఆలస్యం ఎవరికీ కనిపించదు. స్విచ్ లోపలి లోహపు రేకులు ఒకదానికొకటి తగిలినప్పుడు, నేల మీద పడిన బంతిలా క్షణకాలం ఎగిరెగిరి పడతాయి. ఆ కంపనాన్ని కంప్యూటర్ పది నొక్కుళ్లుగా లెక్కించకుండా ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డు లోపలి చిప్‌ను నడిపే ప్రోగ్రామ్, కొద్దిసేపు ఆగి చూస్తుంది. దీనిని డీబౌన్స్ అంటారు. క్యూఎంకే అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లో మార్చకుండా వదిలేస్తే ఈ వ్యవధి 5 మిల్లీసెకన్లు. 8000 హెర్ట్జ్ పోలింగ్ రేటు అని గొప్పగా రాసిన పెట్టెను చూసినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోవాలి. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 హెర్ట్జ్ అంటే 1 మిల్లీసెకనుకు ఒకసారి కంప్యూటర్ కీబోర్డును పలకరిస్తుంది. ఆ మెట్టు ఎక్కడం నిజంగా విలువైనది. 1000 నుంచి 8000కు వెళ్తే దక్కేది 1 మిల్లీసెకను కూడా ఉండదు.

ఈ ఆలస్యాన్ని మూలంలోనే తొలగించినవి హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న భౌతిక ధర్మం వీటికి ఆధారం. కీ కాడలో ఒక అయస్కాంతం ఉంటుంది, కింది సెన్సరు దాని దూరాన్ని నిరంతరం కొలుస్తుంది. రేకులు తగలడమే లేదు కాబట్టి వాటి కంపనమూ లేదు. కీ ఎంత లోతులో నమోదు కావాలో మీరే సాఫ్ట్‌వేర్‌లో నిర్ణయించుకోవచ్చు. ఇంతకంటే ముఖ్యమైనది రాపిడ్ ట్రిగ్గర్. మామూలు స్విచ్‌ను అడుగు దాకా నొక్కితే, విడుదల బిందువు చేరేలోపు వేలు దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి రావాలి. రాపిడ్ ట్రిగ్గర్ ఉంటే, కీ ఎక్కడున్నా సరే, మీరు పెట్టుకున్న కొద్దిపాటి దూరం, ఉదాహరణకు 0.2 మిల్లీమీటర్లు, వేలు పైకి కదలగానే కీ విడుదలవుతుంది. కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆటలో ఎడమ పక్కకు పరుగెత్తుతున్న పాత్రను గురి కోసం చటుక్కున ఆపాలంటే ‘ఏ’ (A) అక్షరం కీని వదిలి, డీ కీని ఒక్కసారి తట్టాలి. ఈ తేడా అక్కడ చేతికే తెలిసిపోతుంది. ఎత్తులు వేసి నిదానంగా ఆడే ఆటలకు దీని అవసరం లేదు.

వీటితో పాటు వచ్చే ఒక సౌకర్యం విషయంలో జాగ్రత్త అవసరం. ఎదురెదురు దిశల కీలు రెండూ కింద ఉన్నప్పుడు చివరగా నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకునే స్నాప్ ట్యాప్ వంటి ఏర్పాట్లు 2024లో ప్రచారంలోకి వచ్చాయి. అదే సంవత్సరం ఆగస్టులో ఆ ఆటను తయారుచేసే వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో వాటిని నిషేధించింది. రాపిడ్ ట్రిగ్గర్‌కు ఈ నిషేధం వర్తించదు. పోటీలలో పాల్గొనేవారు నియమాలు చదువుకుని ఆ సౌకర్యాన్ని ఆపివేసి ఉంచాలి.

అభ్యాసం: మీ దగ్గర ఇప్పుడున్న కీబోర్డుతోనే చేయండి. రాత కోసం వాడే ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి, రెండు షిఫ్ట్ కీలనూ నొక్కి పట్టుకుని, ఏ నుంచి జడ్ వరకు అక్షరాలన్నీ వరుసగా కొట్టండి. తెర మీద రాని అక్షరాలను ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత డబ్ల్యూ, డీ కలిపి పట్టుకుని స్పేస్ కొట్టి చూడండి. రెండో భాగం: డీ కీని అడుగుదాకా నొక్కి ఉంచండి, అక్షరం వరుసగా పడుతూ ఉంటుంది. ఇప్పుడు వేలిని వీలైనంత నెమ్మదిగా పైకి లేపండి. అక్షరాలు పడటం ఆగిన చోటే మీ విడుదల బిందువు. అది అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో వేలికి పట్టుబడే వరకు కొన్నిసార్లు చేయండి. చివరగా స్పేస్‌బార్‌ను మధ్యలో ఒకసారి, ఎడమ చివర ఒకసారి, కుడి చివర ఒకసారి నొక్కి, స్పర్శలోను శబ్దంలోను తేడా ఉంటే అదే కాగితం మీద గుర్తు పెట్టుకోండి. నాలుగవ పాఠం స్పేస్‌బార్ వంటి పొడవైన కీలు ఒరగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్లతో మొదలవుతుంది, ఆ కాగితం అప్పుడు అవసరమవుతుంది.