పక్షవాతం తర్వాత ఆలోచనలో మిగిలిపోయే లోపాలను ఇంట్లో ఎలా గుర్తించాలి, ఎలా సర్దుకోవాలి?

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరగానే, పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ చెయ్యి లేస్తోందా, అడుగు పడుతోందా అనే అడుగుతారు. మూడు నెలలు తిరిగేసరికి ఆయన చేతికర్రతో వీధి చివరిదాకా నడిచి వస్తే, ఇక కోలుకున్నట్టేనని బంధువులు తేల్చేస్తారు. ఇంట్లోవాళ్లకు మాత్రం అలా అనిపించదు. పాలవాడికి డబ్బులిచ్చిన సంగతి మరిచి మళ్లీ ఇస్తున్నారు. చొక్కా ఒక చేతికే తొడుక్కుని బయటికి వస్తున్నారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే విసుక్కుని లేచిపోతున్నారు. దీనికి మొండితనమనో, వయసు మీద పడిందనో పేరు పెట్టడం మన ఇళ్లలో మామూలే. చాలాసార్లు అది మెదడుకు తగిలిన దెబ్బ. చచ్చుబడిన చెయ్యి ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

ముందు, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుసుకోండి

మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం గడ్డకట్టి మూసుకుపోతే, చికిత్స అందేదాకా నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. ఆ కణాలు ఏ భాగానివన్నదాన్ని బట్టి లోపం మారుతుంది కనుక, డిశ్చార్జి కాగితాల్లోని స్కానింగ్ ఫలితాన్ని డాక్టరుకు చూపించి, కుడివైపా, ఎడమవైపా, ముందు భాగమా, లోతులోనా అని అడిగి తెలుగులో రాసుకోండి. కుడిచేతివాటం ఉన్న దాదాపు అందరికీ భాష ఎడమ అర్ధగోళంలోనే, అంటే మెదడు ఎడమ సగంలోనే ఉంటుంది. ముందు భాగం దెబ్బతింటే పనిని వరుసగా చేయడం, కోపాన్ని ఆపుకోవడం కష్టమవుతాయి. లోతున ఉండే థాలమస్‌లో చిన్న మచ్చ ఏర్పడినా జ్ఞాపకం దెబ్బతినవచ్చు.

రెండు వారాల పాటు నోటుబుక్కులో రాయండి

రాసేటప్పుడు తీర్పు రాయకుండా జరిగింది రాయాలి. ‘మతిమరుపు ఎక్కువైంది’ అన్న వాక్యం డాక్టరుకు ఏమీ చెప్పదు. ‘టీ పెడతానని వెళ్లి, పాలు, పంచదార మరిగించి, టీ పొడి వేయకుండానే దించారు’ అన్న వాక్యం చాలా చెబుతుంది. అక్కడ తప్పింది జ్ఞాపకం కంటే పని వరుస అయి ఉండవచ్చు. టైము కూడా వేయండి. పొద్దున తేటగా ఉండి సాయంత్రానికి తడబడుతుంటే అందులో అలసట పాలు ఎక్కువ కావచ్చు. చూడటానికి వచ్చేవాళ్లను, బ్యాంకు పనులను పొద్దుటిపూటకు మార్చడమే దానికి సగం మందు.

కంచం దగ్గర కూర్చుని గమనించండి

కుడి అర్ధగోళానికి దెబ్బ తగిలినవారిలో తరచుగా కనిపించే ఈ లోపాన్ని కళ్లారా చూస్తే తప్ప నమ్మడం కష్టం. కంచంలో కుడివైపు పప్పు, నడుమ అన్నం, ఎడమవైపు వంకాయ కూర వడ్డించారనుకుందాం. ఆయన పప్పుతో కుడి సగం అన్నం శుభ్రంగా తిని, గీత గీసినట్టు అక్కడ ఆగి, ‘కూర వడ్డించలేదేం?’ అని అడుగుతారు. చూపు బాగానే ఉన్నా, ఎడమవైపు అనేదొకటి ఉందన్న ధ్యాస మెదడుకు అందదు. కంచాన్ని సగం తిప్పి పెడితే కూర ప్రత్యక్షమవుతుంది. ఇలాంటివారు గడ్డం కుడి చెంపకే గీసుకుంటారు. పేపరులో ప్రతి పంక్తినీ మధ్య నుంచి చదివి, ఏమీ అర్థం కావడం లేదని పక్కన పడేస్తారు.

ప్రతిసారీ మీరే కంచం తిప్పితే పూట గడుస్తుంది కానీ అలవాటు మారదు. భోజనాల బల్లకు ఎడమ అంచున ఎర్ర టేపు అతికించి, ‘ఎర్ర గీత కనిపించేదాకా తల తిప్పండి’ అని రోజూ అదే మాట చెప్పండి. పేపరుకూ ఎడమ అంచున అలాంటి గీతే గీయండి. మాట్లాడటం ఎదురుగా కూర్చుని మొదలుపెట్టి, మెల్లగా ఎడమవైపుకు జరగండి. తన లోపం తనకు తెలియకపోవడం కూడా తరచుగా ఈ జబ్బులో భాగమే కనుక, వాదించి ఒప్పించాలని చూడకండి. ఒంటరిగా రోడ్డు దాటడం, బండి నడపడం మాత్రం డాక్టరు సరేననే వరకు ఎంత బతిమాలినా వద్దు.

మాట పోయినవారితో మాట్లాడే తీరు మార్చుకోండి

మాట ముద్దగా రావడం వేరు, కావలసిన మాట దొరక్కపోవడం వేరు. రెండోదాన్ని అఫేజియా అంటారు. ఎక్కాలు, వారాల పేర్లు, చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం గడగడా అప్పజెప్పిన మనిషికి, దాహం వేసినప్పుడు ‘నీళ్లు’ అనే మాట నోటికి రాకపోవచ్చు. ఇది నటన కాదు. అలవాటుగా దొర్లే మాటలకూ, వెతికి తెచ్చుకునే మాటలకూ మెదడులో దారులు వేరు. ఆయనకు చెవుడు రాలేదు కనుక గొంతు పెంచకండి. టీవీ కట్టేసి, కాఫీ, మజ్జిగ రెండూ చూపించి ఏది కావాలో అడిగి, జవాబు కోసం పది లెక్కపెట్టేదాకా ఆగండి. వాక్యం మీరు పూర్తి చేయకండి. స్పీచ్ థెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది తప్ప ఆగిపోదు.

ఇంటిని సర్దండి, పనులన్నీ లాగేసుకోకండి

తాళాలకు ఒకే మేకు, మాత్రలకు వారాల పేర్లున్న డబ్బా, పొయ్యి దగ్గర గోడ మీద టీ పెట్టే వరుస రాసిన కాగితం చాలావరకు సరిపోతాయి. గ్యాస్ రెగ్యులేటరు కట్టేసే బాధ్యత ఇంకొకరు తీసుకోవాలి. ఫోనులో యూపీఐ పరిమితిని తగ్గించండి. ఓటీపీ అడిగే మోసగాళ్లకు ఇలాంటివారే సులువుగా దొరుకుతారు. అయితే కూరలు తరగడం, పూలు కోయడం లాంటివి నెమ్మదిగానైనా ఆయన చేతే చేయించండి.

మనసునూ పరీక్ష చేయించండి

పక్షవాతం వచ్చినవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి దిగులు జబ్బు వస్తుంది. అది మతిమరుపు వేషంలోనూ కనిపిస్తుంది, మందులతో తగ్గుతుంది. చిన్న మాటకే వెక్కివెక్కి ఏడవడం, సందర్భం లేకుండా నవ్వడం మాత్రం దిగులు కానక్కరలేదు; భావాలను అదుపు చేసే నరాల మార్గం దెబ్బతిన్నా అలా జరుగుతుంది, దానికీ మందులున్నాయి.

జ్ఞాపకం, ధ్యాస, భాష కొలిచే పరీక్షలను భారతీయ వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భాషల్లో రూపొందించింది. చదువు తక్కువైనవారికి మార్కులూ తక్కువ రావచ్చు కనుక ఎంతవరకు చదివారో ముందే చెప్పండి. హైదరాబాదు నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించినప్పుడు, రెండు భాషలు వచ్చినవారిలో సుమారు 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉండగా, ఒకే భాష వచ్చినవారిలో అది 20 శాతమే; కాబట్టి ఇంట్లో ఉర్దూయో కన్నడమో మాట్లాడే అలవాటుంటే అయోమయమవుతుందని మాన్పించకండి. థైరాయిడ్, బి12, సోడియం పరీక్షలు, నిద్రలో గురక, వాడుతున్న నిద్రమాత్రల సంగతి కూడా అదే రోజు అడగండి.

రెండోసారి రాకుండా కాపాడండి

మొదటి పక్షవాతం తర్వాత కొత్తగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు వచ్చేది సుమారు పదిమందిలో ఒకరికి. పక్షవాతం మళ్లీ మళ్లీ వస్తే మూడో వంతు మందికి పైగా. అందుకే బీపీని సాధారణంగా 130/80 లోపు ఉంచాలంటారు. పావురం రక్తంతో మర్దన చేయించామన్న ధైర్యంతో బీపీ, షుగరు, రక్తం పలచబరిచే మాత్రలు ఆపేయడం నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం.

నెలల మీద మెల్లగా వచ్చే మార్పును ఓపీలో చూపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో ఉందేమో ఆ రోజే చూపించండి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి జారినా 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కనుక, ఆయన చివరిసారి మామూలుగా కనిపించిన టైము చీటీ మీద రాసి అంబులెన్సులో వెంట తీసుకెళ్లండి.