యూటాకు కొత్తగా వచ్చిన తెలుగువారికి: మీ చేతికి వచ్చే ఆ గ్రంథం గురించి

గత నెల మా ఇంట్లో దిగిన ఒక యువకుడు, యేసు క్రీస్తు కడవరి-దిన పరిశుద్ధుల సంఘం తరఫున తలుపు తట్టిన ఇద్దరు మిషనరీల నుండి, ఆ సంఘానికి పవిత్రమైన మోర్మన్ గ్రంథాన్ని అందుకొని, చదువుతానని, ప్రార్థిస్తానని, ఆదివారం ఆరాధనకు వస్తానని చెప్పి, చివరికి బాప్తిస్మం మాట వచ్చినప్పుడు కూడా తల ఊపి ‘సరే’ అన్నాడు. వారు వెళ్ళాక అడిగితే, కాదనడానికి మొహమాటం వేసిందన్నాడు. మరుసటి వారం వారు తేదీ మాట్లాడుకుందామని వచ్చేసరికి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి వారికి జవాబు చెప్పవలసి వచ్చినవాణ్ణి నేను.

బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు వంటివి మీకు ఎవరైనా చెబుతారు. ఈ సంగతి చెప్పేవారు లేరు కనుక నేను చెబుతున్నాను.

మీలో చాలామంది ఉద్యోగానికి వచ్చేది లీహై పట్టణానికి. ఆ పేరు మోర్మన్ గ్రంథంలోనిది. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో యెరూషలేమును విడిచి, కుటుంబంతో సముద్రం దాటి వాగ్దాన దేశానికి చేరిన ప్రవక్త పేరు లీహై అని ఆ గ్రంథం చెబుతుంది. నీఫై, మొరోనై అనే ఊళ్ళ పేర్లూ అక్కడివే. దుకాణాల మీదా సంస్థల మీదా కనిపించే ‘డెజెరెట్’ అనే మాటకు తేనెటీగ అని అర్థం. అదీ మోర్మన్ గ్రంథంలోని ఈథర్ అనే భాగంలో ఉంది. మీరు గ్రంథాన్ని తెరవకపోయినా దాని మధ్యనే నివసిస్తున్నారు.

నేను 2009 జనవరిలో ఇక్కడి ఓరెం పట్టణంలో దిగాను. మంచు తీయడం తెలియదు, మాట్లాడడానికి మనిషి లేడు. పక్కింటి పెద్దాయన నేను లేవకముందే మా వాకిట్లో మంచు ఎత్తి వెళ్ళేవారు. రెండో వారంలో ఆయన ఒక మోర్మన్ గ్రంథం ఇచ్చారు. మొదటి పుట మీద తన విశ్వాసాన్ని తన చేతివ్రాతతో రాశారు. తప్పక చదువుతానని మాట ఇచ్చాను, ఒక్క పుట తిప్పలేదు. ఒక సాయంత్రం ఆయన లోపలికి వచ్చినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద, వేడి పప్పు గిన్నె కింద ఉంది. ఆయన ఏమీ అనలేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన నేను అలా ఎలా చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అందుచేత ముందు ఆ గ్రంథం ఆ సంఘం వారికి ఏమిటో తెలుసుకోండి. వారికి పవిత్ర గ్రంథాలు నాలుగు: బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కొండలో దొరికిన బంగారు రేకుల మీది రాతను దైవశక్తితో అనువదించానని సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించి, 1830లో అదే రాష్ట్రంలోని పామైరాలో 5,000 ప్రతులు అచ్చువేయించిన గ్రంథమే మోర్మన్ గ్రంథం. ప్రాచీన ప్రవక్తల వృత్తాంతాలను సంక్షిప్తం చేసిన మోర్మన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. సంఘ సభ్యులను మాత్రం ఆ పేరుతో పిలవకండి. 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవమని కోరారు.

మీరు క్రైస్తవ కుటుంబం నుండి వచ్చినవారైతే, ఇది బైబిలుకు మరో అనువాదమని పొరబడకండి, గుమ్మంలో వాదనకు దిగకండి. వచ్చినవారికి టీ, కాఫీ ఇవ్వబోయి బలవంతపెట్టకండి. సిద్ధాంతము మరియు నిబంధనలలోని 89వ ప్రకరణం, 1833 నాటిది, వాటిని దూరం పెట్టమంటుందని వారి నమ్మకం. మజ్జిగ ఇవ్వండి. మీ పిల్లల సహవిద్యార్థులు హైస్కూలు రోజు మధ్యలో ఒక పీరియడు పక్క భవనానికి వెళితే, అది ఈ గ్రంథాలు చదువుకునే సెమినరీ తరగతి.

ఇక అసలు సంగతి. మోర్మన్ గ్రంథంలోని మొరోనై అనే భాగం 10వ అధ్యాయం, ఈ గ్రంథం నిజమో కాదో హృదయపూర్వకంగా దేవుణ్ణి అడగమని పాఠకుణ్ణి కోరుతుంది. మిషనరీలు మీ చేత చదివించేది చాలాసార్లు ఆ భాగమే. చదువుతామని మీరంటే వారు నమ్ముతారు, మీ కోసం ప్రార్థిస్తారు, రోజు లెక్కపెట్టుకొని తిరిగి వస్తారు. బాప్తిస్మం వారికి దేవునితో చేసుకునే నిబంధన, అంటే ఒప్పందం. మోర్మన్ గ్రంథంలోనే మోషైయా అనే భాగం 18వ అధ్యాయంలో ఆ నీటిలోకి దిగేవారు ఒకరి భారాలను ఒకరు మోయడానికి ఒప్పుకుంటారు. అటువంటి చోట మన మొహమాటపు ‘సరే’, మన ‘చూద్దాం లెండి’ ఎంత బరువు మోస్తాయో ఆలోచించండి. ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు ఇల్లు విడిచి, రెండేళ్ళు ఊరూరా తిరుగుతూ వచ్చి మీ మాట నమ్మితే, మీరు తలుపు వెనుక దాక్కుంటారా? ‘మీ గ్రంథాన్ని గౌరవంగా ఉంచుకుంటాను, సంఘంలో చేరే ఉద్దేశం నాకు లేదు’ అని మొదటి రోజే చెప్పండి. చదవాలనిపిస్తే చదవండి, తెలుగు అనువాదమూ ఉంది. హైదరాబాదులో 2012 నుండి ఆ సంఘానికి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన విభాగం, కూడా ఉంది కనుక మన భాష వారికి కొత్తేమీ కాదు. నిజంగా నమ్మకం కలిగితే అదీ మీ ఇష్టమే. మాట మాత్రం మీదై ఉండాలి.

ఇంతగా భయపెట్టాను కనుక ఇదీ చెప్పాలి. ఆ పెద్దాయనకు నేను మార్చి నెలలో క్షమాపణ చెప్పి, చేరే ఆలోచన లేదని చెప్పాను. మరుసటి చలికాలం కూడా ఆయన మా వాకిట్లో మంచు తీశారు. మా ఇంటి యువకుడు మొన్న తానే ఫోన్ చేసి ఆ ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఈ శనివారం అతను వేరే గదికి మారుతున్నాడు. మంచం మోయడానికి వారే వస్తామన్నారు.