గిటార్ యాంప్‌కు స్టాండు ఎలా ఎంచుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా బావమరిది కిందటేడు ఓ గిటార్ యాంప్ కొన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ఫోన్ చేశాడు. "బావా, ఈ యాంప్‌లో ఏదో తేడా ఉంది. ట్రెబుల్ చివరిదాకా తిప్పినా సౌండు నూతిలోంచి వస్తున్నట్టే ఉంది. అమ్మేమో చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుందని గోల పెడుతోంది."

ఆదివారం వెళ్లి చూశాను. యాంప్ నేల మీద ఉంది. వాడు దానికి రెండడుగుల దూరంలో నిలబడి వాయిస్తున్నాడు. అత్తయ్య హాలుకు అవతలి చివర, సోఫాలో, స్పీకర్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చుని ఉంది. వాల్యూమ్ బాగా తగ్గించి, "ఒకసారి గొంతుక్కూర్చుని చెవి స్పీకర్ ఎత్తుకు పెట్టు" అన్నాను. సన్న తీగ ఒక్కటి మీటానో లేదో, చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు.

"రెండు నెలలుగా మీ అమ్మ వింటున్నది ఇదే. నువ్వు మాత్రం నీ మోకాళ్లకు వినిపించుకుంటున్నావు" అన్నాను.

గిటార్ స్పీకర్ స్వభావమే అంత. బాస్, అంటే లావు ధ్వని, గది నిండా పరుచుకుంటుంది. ట్రెబుల్, అంటే సన్న ధ్వని, మాత్రం టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకు పోతుంది. 12 అంగుళాల స్పీకర్ అంటే సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు. దాదాపు 1100 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు కూడా అంతే. అక్కణ్నుంచి పైకి వెళ్లేకొద్దీ ధ్వని సన్నబడి ఒకే దిక్కుకు కొడుతుంది. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్‌లో మోగుతుంది, దాని తరంగం 4 మీటర్ల పైమాటే. అది ఎక్కడ నిలబడ్డా వినిపిస్తుంది. పైగా యాంప్ నేల మీదుంటే నేల ఆ బాస్‌ని ఇంకా పెంచుతుంది. అందుకే పక్కనే నిలబడినవాడికి బొంయ్‌మనే మోతే మిగులుతుంది. స్టాండు పని ఆ టార్చిలైటుని మన చెవులకేసి తిప్పడం. ఎత్తు పెంచి తిప్పవచ్చు, వెనక్కి వాల్చి తిప్పవచ్చు. ఏది నప్పుతుందో తేలాలంటే ముందు యాంప్ సంగతి తెలియాలి.

ముందు తూకం వేయండి

స్టాండు కొనేవాళ్లు ఎక్కువగా బొమ్మ చూసి కొంటారు. బరువు చూసి కొనాలి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే యాంప్‌ని పట్టుకుని దానిమీద నిలబడండి, తర్వాత ఉత్తి చేతులతో నిలబడండి, మొదటి అంకెలోంచి రెండోది తీసేయండి. సైజు చూసి అంచనా వేస్తే దెబ్బతింటాం. బాస్ (Boss) కంపెనీ కటానా 50 రకం యాంప్ 12 కిలోలకు అటూఇటూ ఉంటుంది. ఫెండర్ బ్లూస్ జూనియర్ సుమారు 14 కిలోలు. రెండు స్పీకర్ల రోలాండ్ జేసీ-120 అయితే 28 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా కన్నా ఎక్కువే.

స్టాండు మీద రాసిన మోత బరువు మన యాంప్ బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లుండాలని నా లెక్క. 14 కిలోల యాంప్‌కి 20 కిలోల పైన మోసే స్టాండు తీసుకుంటాను. ఆ అంకె కదలకుండా నిలబెట్టిన బరువుకు సంబంధించింది. యాంప్ మోగుతున్నంతసేపూ అదురుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు చెయ్యి ఆనిస్తారు కూడా.

ఆ తర్వాత టేపు

మూడు కొలతలు తీసుకోండి: వెడల్పు, లోతు, నేల నుంచి స్పీకర్ నడిమధ్యకు ఎత్తు. మొదటి రెండూ స్టాండు చేతుల కోసం. చిన్న ప్రాక్టీస్ యాంప్‌లు కొన్ని ఎంత ఇరుకుగా ఉంటాయంటే, పెద్ద యాంప్ కోసం చేసిన స్టాండు చేతుల మధ్యలోంచి కిందికి జారిపోతాయి.

కొలతలయ్యాక వెనక్కి తిప్పి చూడండి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. చాలా కాంబో యాంప్‌లకు (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) వెనక సగం తెరిచి ఉంటుంది. వాల్చే స్టాండులో వెనక ఆనిక కడ్డీ సరిగ్గా ఆ ఖాళీలోకి దూరితే లోపలి స్పీకర్‌కో, ట్యూబులకో (కొన్ని యాంప్‌లలో ఉండే గాజు బల్బుల్లాంటి భాగాలు) తగులుతుంది. కడ్డీ చెక్క భాగానికే ఆనాలి, అదీ సగం ఎత్తుకి పైన. ట్యూబ్ యాంప్‌లో బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు సాధారణంగా పైభాగంలో ఉంటాయి. ఆనిక మరీ కిందికుంటే యాంప్ దానిమీంచే వెనక్కి తిరగబడుతుంది.

నాబ్‌లు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి. ముందు వైపుంటే వాల్చినప్పుడు మన మొహంలోకే చూస్తాయి. పైన ఉంటే వెనక్కి తిరిగిపోతాయి, ప్రతిసారీ యాంప్ మీదికి వంగి చూడాల్సిందే. మా బావమరిదిది పైన నాబ్‌లుండే రకం. అందుకే వాడికి బాగా వాల్చే స్టాండు వద్దన్నాను.

ఎత్తా, వాలా?

లెక్క వేస్తే తేలిపోతుంది. కుర్చీలో కూర్చుని వాయించేవారి చెవులు నేలకు 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. యాంప్ నేల మీదుంటే స్పీకర్ మధ్యభాగం ఓ 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒకటిన్నర మీటరు దూరంలో కూర్చుంటే యాంప్‌ని సుమారు 30 డిగ్రీలు వాల్చాలి. అది చిన్న వాలు కాదు, యాంప్ పడక కుర్చీలో పడుకున్నట్టుంటుంది. అదే 40 సెంటీమీటర్ల స్టాండు ఎక్కిస్తే 17 డిగ్రీలు చాలు. 3 మీటర్లు వెనక్కి జరిగి కూర్చోగలిగితే నేల మీదున్నా దాదాపు అంతే, 16 డిగ్రీలు. పైసా ఖర్చు లేదు. కాకపోతే మారతహళ్లి ఫ్లాట్లలో మంచం, బీరువా పోను 3 మీటర్లు ఎక్కడ మిగుల్తాయి!

అందుకని ఇంట్లో కూర్చుని వాయించేవాళ్లకు 35–45 సెంటీమీటర్ల ఎత్తుండి కాస్త వాలే స్టాండు బాగా నప్పుతుంది. నిలబడి వాయించేవాళ్లు, బ్యాండు ప్రాక్టీసుకి మోసుకెళ్లేవాళ్లు మడిచి సంచిలో పెట్టుకునే పొట్టి వాలు స్టాండు తీసుకోవచ్చు. దాని బరువు కేంద్రం కిందికే ఉంటుంది, పడ్డా పెద్ద ప్రమాదం లేదు. 25 కిలోలు దాటిన యాంప్‌ని ఎత్తు స్టాండు ఎక్కించడం నాకిష్టం లేదు. నడుముకీ మంచిది కాదు.

హెడ్ (యాంప్ భాగం) వేరుగా, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) వేరుగా ఉండే సెట్ అయితే వాల్చకండి. పైనున్న హెడ్ జారి వెనక్కి పడుతుంది. చక్రాలున్న యాంప్ అయితే చక్రాలు ఊడదీశాకే స్టాండు ఎక్కించాలి.

ప్లాస్టిక్ స్టూలు వద్దు, ఎందుకంటే

నేనూ మొదట్లో తెలివి చూపించాను. స్టాండుకి డబ్బులెందుకని బాత్రూమ్‌లోని ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దానిమీద యాంప్ పెట్టాను. పది నిమిషాలు బాగానే ఉంది. లావు తీగ మీద రిథమ్ వాయిస్తుంటే యాంప్ అదురుతూ అదురుతూ అంగుళం అంగుళం ముందుకు నడిచింది. నేను చూసుకోలేదు. పడ్డప్పుడు లోపల ప్రతిధ్వని కోసం ఉండే రివర్బ్ స్ప్రింగ్ చేసిన చప్పుడు చెప్పనలవి కాదు, రేకుల షెడ్డు మీద పిడుగు పడ్డట్టే. కింది ఫ్లాట్ ఆంటీ చెప్పులు కూడా వేసుకోకుండా పైకొచ్చేసింది.

షాపులో పరీక్షించడం

వీలైతే యాంప్‌నే తీసుకెళ్లండి, కాకపోతే కొలతల చీటీ, టేపు ఉండాలి. స్టాండు విప్పి, రెండు చేతులతో పైనుంచి గట్టిగా నొక్కి, అటూఇటూ ఊపండి. ఎత్తు సర్దే చోట ఉత్త బిగింపు మర ఉందా, రంధ్రంలో దూరే పిన్ను ఉందా చూడండి. మర రోజులు గడిచేకొద్దీ జారుతుంది, పిన్ను జారదు. యాంప్ ఆనే చోట రబ్బరు లేదా ఫోమ్ తొడుగు ఉండాలి. ముందు అంచున పైకి లేచిన కొక్కెం లాంటిది లేకపోతే ఆ స్టాండు అక్కడే వదిలేయండి. చివరగా వేలితో పైపుని కొట్టండి. గణగణమంటే రేపు మీ గిటార్‌తో పాటు అదీ పాడుతుంది.

నచ్చింది దొరక్కపోతే కార్పెంటర్ చేత చేయించవచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ముందు ఎత్తుగా, వెనక పల్లంగా ఉండే పెట్టె, చుట్టూ ఒక అంగుళం అంచు. అడుగున అతికించే రబ్బరు ప్యాడ్లు, బెంగళూరులోనైతే ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి.

ఇంట్లో పెట్టేటప్పుడు

టైల్స్ మీద స్టాండు కాళ్లు జారతాయి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. వంటింటి అరల కోసం తెచ్చిన కడప రాయి ముక్క మిగిలుంటే వృథా చేయకండి. రబ్బరు మ్యాట్ మీద రాయి, రాయి మీద స్టాండు పెడితే నేలకు చేరే అదురు కొంత తగ్గుతుంది. అయితే గాల్లో వెళ్లే శబ్దాన్ని ఏ స్టాండూ ఆపదు. మన శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పదయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడమే.

వెనక తెరిచున్న యాంప్‌ని గోడకు ఒక అడుగైనా దూరంగా జరపండి. ట్యూబులకు గాలి ఆడుతుంది, బాస్ మోత కూడా తగ్గుతుంది.

గిటార్ కేబుల్‌ని యాంప్ హ్యాండిల్‌లోంచి దూర్చి జాక్‌కి పెట్టడం చాలామందికి అలవాటు. నేల మీదుంటే అది మంచి అలవాటే. ఎత్తు స్టాండు మీద మాత్రం వద్దు. ఎవరి కాలైనా తగిలితే ఊడాల్సిన జాక్ ఊడదు, యాంపే కిందికొస్తుంది.

ఇక నాబ్‌లు. స్టాండు ఎక్కించగానే ట్రెబుల్, బాస్, మిడ్ (వాటి మధ్య ధ్వని) మూడూ సగానికి తెచ్చి కొత్తగా మొదలుపెట్టండి. పాత సెట్టింగ్ మోకాళ్ల కోసం చేసింది, చెవులకు పనికిరాదు. మా బావమరిది ట్రెబుల్ పది నుంచి నాలుగుకి దిగింది. బాస్ ఒక గీత పెంచాడు, నేల ఇచ్చే సాయం ఇప్పుడు తగ్గింది కదా. వాలు సరిచూడ్డానికి ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ వాడుకోండి.

పది రోజులు వాయించాక ఓ స్పానర్ తీసుకుని స్టాండు నట్లన్నీ ఒకసారి బిగించండి. వాడికి రెండు వదులయ్యాయి.